ఆఫీసులో సరదా కార్యక్రమాలు పెడితే పని నిజంగా మెరుగుపడుతుందా? పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రతి శుక్రవారం ఆటలు పెడతామంటున్న మీ యాజమాన్యానికి పరిశోధనల మద్దతు ఉందా అని అడిగారు. కొంత ఉంది, కానీ వాళ్లు ఆశించినంత సూటిగా లేదు. హైదరాబాదులో ఒక సంస్థ మానవ వనరుల విభాగంలో ఇలాంటివి చాలా నడిపాను కనుక, చదివిందీ చూసిందీ కలిపి చెబుతాను.

అమెరికాలో రెస్టారెంట్లలో వడ్డించేవారి మీద మైకేల్ ట్యూస్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం చూడండి. సరదా కార్యక్రమాలున్న చోట అమ్మకాలు మెరుగ్గా ఉన్నాయి. మేనేజరు సరదాను ప్రోత్సహించే చోట ఉద్యోగం మానేసేవారు తగ్గారు, కానీ అక్కడ అమ్మకాలూ తగ్గాయి! ఏది కావాలో మీ యాజమాన్యమే తేల్చుకోవాలి.

తర్వాతి పరిశోధకులు 'ఎవరి సరదా?' అని అడగడం మొదలుపెట్టారు. న్యూజిలాండ్‌లో బార్బరా ప్లెస్టర్ బృందం సరదాను మూడు రకాలుగా విడదీసింది: పైవాళ్లు ఏర్పాటు చేసేది, ఉద్యోగుల మధ్య దానంతటదే పుట్టేది, పనిలోనే దొరికేది. మొదటి రకం ఎలా ఉంటుందో మా అకౌంట్స్ విభాగాన్ని అడగండి. నెలలో ఇరవయ్యో తేదీ, జీఎస్టీ రిటర్ను గడువు. అదే సాయంత్రం తంబోలా. టికెట్టు కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక చేత్తో ఎంట్రీలు కొడుతూ, ఇంకో చేత్తో అంకెలు కొట్టేస్తూ కూర్చున్నారు పాపం.

రెండో రకానికి పాత ఉదాహరణ డొనాల్డ్ రాయ్ 1959-60లో ప్రచురించిన 'బనానా టైమ్' వ్యాసం. రోజంతా యంత్రం ముందు ఒకే పని చేసే కార్మికుల్లో ఒకడు తోటివాడి డబ్బాలోంచి రోజూ అరటిపండు దొంగిలించి తినేవాడు. అతను రోజూ తిట్టేవాడు, మర్నాడు మళ్లీ పండు తెచ్చేవాడు. మా దగ్గర ఒకావిడ గోంగూర పచ్చడికీ ఇదే గతి. ఆవిడ కేకలు మూడో అంతస్తు దాకా వినిపిస్తాయి, డబ్బా మాత్రం నెలనెలా పెద్దదవుతోంది.

ఇక బలవంతం మాటకొస్తే, సంస్థవారి సరదా పద్ధతులకు ఒప్పుకోని ఉద్యోగిని తీసేయడం ఫ్రాన్స్‌లో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ కారణంగా తొలగించడం అతని భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2022లో కోర్టు చెప్పింది.

కాబట్టి మీ వాళ్లను ముందు ఆటలకు హాజరు పట్టీ పెట్టొద్దనండి. ఆటల ఖర్చులో కొంత తగ్గించి భోజనాల గదిలో అందరూ కలిసి కూర్చునే పెద్ద బల్ల వేయించమనండి. మేం వేయించాం. తంబోలా అంటారా, డైరెక్టరు గారికి ఇష్టం, అందుకని ఇంకా నడుస్తూనే ఉంది.