పాత గ్రామఫోన్ రికార్డుల కోసం డిపాజిట్లు తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. మరో రెండేళ్లలో ఉద్యోగ విరమణ. జీవితమంతా గ్రామఫోన్ రికార్డులు సేకరించిన ఒక పెద్దాయన మరణించడంతో, ఆయన పిల్లలు దాదాపు 4,000 రికార్డులను (78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఒకేసారి అమ్మేస్తామంటున్నారు. వాటి విలువ పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో సగం తీసి కొనవచ్చా?

జవాబు: పాత సంగీతం మీద మీకున్న మక్కువను నేను గౌరవిస్తాను, అయినా డిపాజిట్లలో సగం తీయవద్దనే చెబుతాను. ఈ వయసులో కరిగిన అసలును మళ్లీ కూడబెట్టడానికి మీకు వ్యవధి లేదు. డిపాజిట్ వడ్డీ తెస్తుంది. రికార్డు ఏమీ తేకపోగా ఏటా ఖర్చు పెట్టిస్తుంది, పైగా మీకు డబ్బు అవసరమైన రోజునే కొనేవారు దొరుకుతారన్న హామీ లేదు. పెద్ద సేకరణల్లో విలువంతా సాధారణంగా కొద్దిపాటి అరుదైన ప్లేట్లలోనే ఉంటుంది. ఆ రోజుల్లో విపరీతంగా అమ్ముడైన పాటలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి కనుక, పాతవైనంత మాత్రాన వాటికి ధర పలకదు.

కొనే ధరకన్నా ముందు నిల్వ ఖర్చు లెక్కవేయండి. 10 అంగుళాల ప్లేటు ఒక్కొక్కటి 200 గ్రాములకు పైగా తూగుతుంది. కవర్లు, ఆల్బమ్‌లు కలిస్తే మొత్తం టన్నుకు చేరువవుతుంది. అంత బరువును ఒకే గోడ వెంబడి నిలిపేముందు, ముఖ్యంగా మేడ మీద గది అయితే, ఇంజనీరుకు చూపించాలి. ఇవి లక్కలో రాతిపొడి కలిపి చేసిన పెళుసు వస్తువులు కాబట్టి దొంతరలుగా పేర్చకూడదు. దగ్గరదగ్గరగా అడ్డుపలకలున్న గట్టి అలమరాల్లో, పక్కకు ఒరగకుండా నిలువుగా ఉంచాలి. వేడికి వంగిపోతాయి, చెమ్మకు బూజు పడతాయి. అందుచేత గదిని ఏడాది పొడవునా చల్లగా, పొడిగా ఉంచడానికయ్యే కరెంటు బిల్లు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. శుభ్రపరిచే ద్రవంలో ఆల్కహాల్ ఉంటే లక్క కరిగి ప్లేటు పాడవుతుంది. ఈ వార్షిక ఖర్చును, అత్యవసర నిధి జోలికి పోకుండా, విరమణ తర్వాత వచ్చే ఆదాయం నుంచే భరించగలిగితే అప్పుడు బేరానికి కూర్చోండి.

బేరానికి ముందు వేర్వేరు అరల నుంచి ఓ వంద ప్లేట్లు మీరే ఎంచి, ఒక్కొక్కటీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. గ్రామఫోన్ ఉక్కు ముల్లు అరగదీసిన గాడులు నిగనిగ పోయి బూడిద రంగుకు తిరిగి ఉంటాయి. అంచు నుంచి లోపలికి పాకిన వెంట్రుకంత పగులు కూడా ధరను బాగా తగ్గిస్తుంది. ఆ వందలో ఎన్ని బాగున్నాయో చూసి, ఆ నిష్పత్తి ప్రకారమే మొత్తానికి ధర చెప్పండి. మీరు నిజంగా వినదలచుకున్న కొన్ని వందలు మాత్రమే ఇవ్వమని అడగడం ఇంకా మేలు. వారు ఒప్పుకోకపోతే వాయిదాలు కోరండి. ప్యాకింగు, రవాణా ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి.

ఆ సేకరణలో లోహపు పలక మీద పూత పూసి, ఒక్క ప్రతిగా రికార్డు చేసిన డిస్కులు కనిపిస్తే వాటిని విడిగా ఉంచండి. ఆ పూత కాలక్రమేణా పొరలుగా ఊడిపోతుంది, మరో ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు. కాబట్టి మిగతావాటికన్నా ముందు వాటిని నిపుణుల చేత డిజిటల్ రూపంలోకి మార్పించాలి. కొన్నవాటికి లేబుల్, నంబరు, స్థితి, కొన్న ధరతో జాబితా రాసి ఫొటోలు తీయించండి. బీమాకు అదే ఆధారం. రేపు మీ పిల్లలు అమ్మవలసి వచ్చినా ఆ జాబితాయే పనికొస్తుంది.