దవాఖానకు నడిచిపోయిన బాపు, ఇంటికొచ్చాక లేవలేకపోతున్నాడా?

హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) హన్మకొండ దవాఖానలో ఎనిమిది రోజులుండి వచ్చిన మీ బాపు లేవలేకపోతున్నాడని అడిగారు. ఆయాసం, కాళ్ల వాపు తగ్గాయంటున్నారు. అయినా లేవలేకపోతున్నాడంటే, చాలావరకు కారణం దవాఖానలో ఆ ఎనిమిది రోజుల పడకే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 74 ఏళ్ల మనిషికి కదలిక ఆగితే తొడల కండ త్వరగా కరిగిపోతుంది. మూత్రం పైపు, సెలైన్ ఉంటే ఇక మంచానికి కట్టేసినట్టే.

అందరూ మరిచేది నిలబెట్టి బీపీ చూడటం. నీరు తీసే మాత్రలతో కొందరికి లేవగానే బీపీ పడిపోతుంది. కళ్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు నీరసమనుకొని మళ్లీ పడుకోబెడతారు, కండ ఇంకా పోతుంది.

1. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. పక్కన పట్టుకొని నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అదే రోజు డాక్టరుకు చెప్పండి. మాత్ర మీరే ఆపొద్దు.

2. బీపీ అంతగా పడిపోకపోతే, చేతులున్న కుర్చీని గోడకు ఆనించి 5 సార్లు లేచి కూర్చోమనండి, రోజుకు 3 పూటలు. నులక మంచం మీద వద్దు, నడుమ కుంగి మోకాళ్లు పైకొస్తాయి. కష్టమైతే గొంగడి మడిచి కుర్చీలో వేయండి, ఎత్తు పెరిగితే సులువు.

3. తిండి కుర్చీలోనే. గుడ్డు, పప్పు ఉండాలి (కిడ్నీ జబ్బుంటే ఎంతో అడిగి). తొక్కు (ఊరగాయ) బంద్, ఉప్పు ఎక్కువ.

4. రోజూ పొద్దున బరువు రాయండి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఛాతీ నొప్పి వచ్చినా, ఒకవైపే చెయ్యి కాలు పడిపోయినా ఇవేవీ వద్దు, 108కి చేయండి.