దస్తావేజులో 1955, శక 1876, అడంగల్‌లో ఫసలీ 1364: మా తాత పొలం కొన్నది ఏ ఏడు?

అడిగినవారి సందేహం ఇది. కందుకూరు వైపు పొలం. అమ్మకం దస్తావేజులో 1955 ఫిబ్రవరి 14, శాలివాహన శకం 1876, జయ నామ సంవత్సరం, మాఘ బహుళం అని ఉంది. ఏటేటా పొలం ఎవరిదో, ఏ పంట వేశారో రాసే ఊరి లెక్క అడంగల్, దాని నకల్లో ఫసలీ (రెవెన్యూవాళ్ల పంటల సంవత్సరం) 1364. శకానికి 78 కలిపినా, ఫసలీకి 590 కలిపినా 1954 వస్తోంది. ఒక ఏడు ఎక్కడ పోయింది, స్వాధీనం ఎన్నేళ్లని చెప్పాలి అని.

ఏడు ఎక్కడికీ పోలేదండీ. కాగితాలు రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఫిబ్రవరి నెలకు ఆ 78, 590 పనికిరావు, అంతే.

పంచాంగం శకం ఉగాదికి మారుతుంది. ఉగాది నుంచి డిసెంబరు ఆఖరు దాకా 78 కలపాలి. జనవరి ఒకటి నుంచి ఉగాది ముందు రోజు దాకా 79. జయ సంవత్సరం 1954 ఏప్రిల్‌లో వచ్చి 1955 మార్చిలో పోయింది. మాఘం అంటే ఏడు చివర, కాబట్టి 1876కి 79 కలిపితే 1955. ఫసలీ మన వైపు జూలై 1న మారుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ 30 దాకా 591. 1364కి 591 కలపండి, మళ్లీ 1955. స్వాధీనం ఎన్నేళ్లో లెక్క కట్టేటప్పుడు శకంలోంచి శకం, ఫసలీలోంచి ఫసలీ తీసివేయొద్దు. రెండు చివరలనూ ముందు ఇంగ్లీషు తేదీల్లోకి మార్చి, రోజుతో సహా తీసివేయండి. ఫసలీ 1364లో కొని 1365లో మళ్లీ అమ్మారంటే మధ్యలో రెండు నెలలే ఉండొచ్చు, రెండేళ్లకు ఒక రోజు తక్కువా ఉండొచ్చు.

ఈ 590 ఎక్కడిదంటే, దక్కనులో షాజహాను కాలంలో, 1636లో, అప్పుడు నడుస్తున్న హిజ్రీ 1046నే పంటల లెక్కకు తీసుకుని అక్కణ్ణుంచి సూర్యమానంతో నడిపించారు. 1636లోంచి 1046 తీసేస్తే 590. హిజ్రీ మాత్రం 354 రోజుల చాంద్రమానంతోనే పోతుంది కాబట్టి 33 హిజ్రీ ఏళ్లకు మనవి 32 అవుతాయి. అందుకే నవాబుల నాటి కాగితంలో హిజ్రీ ఉంటే ఈ కూడికలేవీ అక్కడ పనిచెయ్యవు. పైగా ఫసలీలూ అన్నీ ఒకటి కావు. తెలంగాణ బంధువుల కాగితాల్లో కనిపించే హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. మాట ఒకటే, కొలత వేరు. ఇదీ అలాంటిదే.

మన నెల్లూరు జిల్లాలో ఇంకో చిక్కుంది. ఎడగారు వరి వేసవిలో నాటి ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తారు. నాటు ఒక ఫసలీలో, కోత ఇంకో ఫసలీలో. పంట గురించి వెతికేవాళ్లు ఒక్క ఫసలీ చూసి "నమోదు లేదు" అనుకోకండి, రెండూ తీయించండి.

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ "జయ నామ" గురించి. పాత దస్తావేజులకు శుద్ధప్రతి టైపు చేయించేటప్పుడు చాలామంది సంవత్సరం పేరు అనవసరమని వదిలేస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అంకె తప్పితే పట్టించేది ఆ పేరే. పాత కాగితంలో తెలుగు అంకెలుంటే, సిరా వెలిసిన చోట ౨ (2) ఏదో ౩ (3) ఏదో తెలియదు. శకం ౧౮౭౨ (1872) అనుకున్నారనుకోండి. దానికి 12 కలిపి 60తో భాగించండి. 1884లో 1860 పోతే శేషం 24, అంటే ప్రభవ నుంచి లెక్కపెడితే అరవై పేర్లలో 24వది, వికృతి. పక్కన "ఖర" అని రాసి ఉంటే అది 25వది, కాబట్టి అసలు అంకె ౧౮౭౩. శేషం సున్నా వస్తే అక్షయ. మీ 1876కి ఇలాగే చేస్తే 28, జయ. సరిపోయింది.

శాసనాల్లోనూ ఇదే దారి. రాయలు ఉదయగిరి దుర్గం పట్టిన 1514 శక 1436 అవుతుంది, 12 కలిపి 60తో భాగిస్తే శేషం 8, భావ. ఎక్కడైనా భావకే 1437 అని కనిపిస్తే చెక్కినవాడు తప్పు చేశాడని తేల్చెయ్యొద్దు. గడిచిన ఏళ్లు కాకుండా నడుస్తున్న ఏడు లెక్కపెట్టి ఉంటాడు. అంకెకూ పేరుకూ ఒకటి తేడా వస్తే పేరునే నమ్మండి.

పేరొక్కటే ఉండి అంకె లేకపోతే మాత్రం కష్టం. జయ 1894లో వచ్చింది, 1954లో వచ్చింది, 2014లోనూ వచ్చింది. అప్పుడు స్టాంపు కాగితం చూడండి. రాణి బొమ్మా, రాజు బొమ్మా, మూడు సింహాలా? ధర అణాల్లో ఉందా, నయాపైసల్లో ఉందా? నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి.

ఇక మీరు చెయ్యాల్సింది. ఒక్క 1364 అడక్కుండా 1363, 1364, 1365 మూడు ఫసలీల అడంగల్ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. కొన్నది ఫిబ్రవరిలో కాబట్టి 1364లో అమ్మినవారి పేరే ఉండొచ్చు, కంగారు పడకండి. మీ తాత పేరు 1365లో వెతకండి. దరఖాస్తులో ఫసలీ పక్కనే "1.7.1954 నుంచి 30.6.1955 వరకు" అని తేదీలు కూడా రాయండి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. 1955 నాటి రికార్డు కాబట్టి ఒంగోలులో లేదన్నారని ఆగిపోకండి, నెల్లూరు రికార్డు రూములోనూ అడగండి.