శౌర్య పతకం ఇచ్చే బోర్డుకు అయ్యే ఖర్చెంత, మీ ఇంటికి వచ్చేదెంత?

ప్రశ్న: మేము ఇరవై రెండేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. మా అబ్బాయికి 27 ఏళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. ఒక చిన్న నగరంలో పోలీసు అధికారి. కిందటి ఏడాది మంటలు అంటుకున్న కారులోంచి ఇద్దరిని బయటకు లాగాడు. ఆ ప్రయత్నంలో తన చేతులు కాలాయి. ఫెడరల్ శౌర్య పురస్కారానికి తన పేరు పంపుతామని వాళ్ల చీఫ్ చెప్పారట. పతకం వస్తే జీవితాంతం నెలనెలా డబ్బు వస్తుందని హైదరాబాద్‌లో ఉన్న మా మరిది అంటున్నాడు. ఆ మాట పట్టుకుని అబ్బాయి తన జీతానికి మించిన ఇల్లు చూస్తున్నాడు. పతకాలు ఇవ్వడానికి ఇన్ని బోర్డులు ఎందుకు, అదంతా మన పన్ను డబ్బే కదా అని మావారి బాధ. వీళ్లిద్దరిలో ఎవరి మాట నిజం?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చేతులు పూర్తిగా మానాయనే ఆశిస్తున్నాను. ఆసుపత్రి ఇచ్చిన కాగితాలనూ, అది విధి నిర్వహణలో తగిలిన గాయమని డిపార్ట్‌మెంట్ రాసిన నివేదికనూ ఒకే ఫైలులో పెట్టి దాచుకోమనండి. పురస్కారానికి అవి కావాలి. అంతకంటే పెద్ద అవసరం ఇంకొకటి ఉంది, దాని దగ్గరకు కాసేపట్లో వస్తాను.

మీ మరిది చెప్పింది భారతదేశంలో నిజమే. అక్కడ పోలీసు శౌర్య పతకం అందుకున్నవారికి నెలనెలా భత్యం ఉంటుంది. అమెరికాలో పోలీసులకు ఇచ్చే ఫెడరల్ శౌర్య పురస్కారాలకు అలాంటి భత్యం లేదు. పతకం, ప్రశంసాపత్రం, గౌరవం మాత్రమే ఉంటాయి. కాబట్టి ఇంటి అప్పు లెక్కలో పతకం పద్దు కింద సున్నా వేసుకోవాలి.

ఇక మీవారి బాధ. పన్ను కట్టే మనిషి తన డబ్బు ఎటు పోతోందని అడగడం న్యాయమైన విషయం. అందుకే లెక్క వేసే చూద్దాం. ఈ పనికి మూడు బోర్డులు ఉన్నాయి. మొదటిది 2001 మే 30న చట్టమైన మెడల్ ఆఫ్ వేలర్‌కు సంబంధించిన సమీక్షా బోర్డు. అందులో 11 మంది సభ్యులు, పదవీకాలం 4 ఏళ్లు. కాంగ్రెస్ ఉభయ సభల్లో రెండు పార్టీల నాయకులు కలిపి ఎనిమిది మందిని, అధ్యక్షుడు ముగ్గురిని నియమిస్తారు. దేశం మొత్తం మీద పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అత్యవసర సేవలవారు అందరినీ కలిపి చూసి, మామూలుగా ఏడాదికి ఐదుగురికి మించకుండా బోర్డు సిఫారసు చేస్తుంది. వారిలోంచి అటార్నీ జనరల్ ఎంపిక చేస్తారు, అధ్యక్షుడు కాంగ్రెస్ పేరిట పతకం ఇస్తారు. మిగతా రెండు బోర్డులూ 2008లో వచ్చిన కాంగ్రెషనల్ బ్యాడ్జ్ ఆఫ్ బ్రేవరీ చట్టానివి. ఫెడరల్ అధికారుల కోసం 7 మందితో ఒకటి, రాష్ట్ర, స్థానిక అధికారుల కోసం 9 మందితో ఇంకొకటి. ప్రాణాపాయానికి ఎదురెళ్లినవారికీ, ధైర్యంగా విధి నిర్వహిస్తూ గాయపడినవారికీ ఇచ్చే బ్యాడ్జ్ ఇది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి పేరు దీనికి వెళ్లే అవకాశమే ఎక్కువ.

మూడూ కలిపితే 27 మంది. వీళ్లకు జీతాలు ఎంత? మొదటి బోర్డు చట్టం ప్రకారం, ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న సభ్యులకు ఈ పనికి విడిగా ఏమీ రాదు. బయటివారికి మాత్రం పనిచేసిన రోజులకు ఎగ్జిక్యూటివ్ షెడ్యూల్ (ఉన్నత ఫెడరల్ పదవుల వేతన పట్టిక) నాలుగో స్థాయి వేతనం లెక్కన ఇస్తారు. 2025లో ఆ స్థాయి వార్షిక వేతనం 1,95,200 డాలర్లు. అంటే రోజుకు దాదాపు 750. మీవారి వాదనకే బలం ఇచ్చి, 27 మందీ బయటివారేనని, అందరికీ ఇదే రేటని, ఏడాదికి రెండు సమావేశాలని, ప్రయాణంతో కలిపి సమావేశానికి నాలుగు రోజులని అనుకుందాం. వేతనం 1,62,000 డాలర్లు. విమానం, బస, భోజనం కలిపి మనిషికి సమావేశానికి 1,500 వేస్తే మరో 81,000. కార్యాలయ సిబ్బంది, పతకాల తయారీ, వేడుకలు అన్నీ చేర్చి, చేతికి ఎముక లేనట్టు ఏటా 10 లక్షల డాలర్లు అనేసుకుందాం. ఇది నేను వేసుకున్న అంచనా, ప్రభుత్వ పద్దు కాదు. ఈ దేశంలో ఏటా దాఖలయ్యే వ్యక్తిగత పన్ను రిటర్నులు సుమారు 16 కోట్లు. ఒక్కో రిటర్ను మీద పడేది సెంటులో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. మీ ఇంటి నుంచి ఒక్క డాలరు పోవాలంటే 160 ఏళ్లు పట్టాలి.

అందువల్ల మీవారితో నేను ఏకీభవించలేను. బోర్డు సమావేశం కాకపోతే మిగిలేది ఆ సెంటు ముక్కే. ఈలోగా ఒక అధికారి ఫైలు అరలో ఉండిపోతుంది. నా ఉద్దేశంలో అసలు ఖర్చు బోర్డు దగ్గర లేదు, మీ అబ్బాయి పనిచేసే చిన్న డిపార్ట్‌మెంటులో ఉంది. సాక్షుల వాంగ్మూలాలు, వీడియోలు, వైద్య నివేదికలు సేకరించి నామినేషన్ రాయడానికి ఒక సార్జెంటు తన డ్యూటీల మధ్య గంటలకు గంటలు కూర్చోవాలి. పెద్ద నగరాల్లో ఇందుకు విడిగా మనుషులు ఉండొచ్చు, చిన్న ఊళ్లో ఎవరున్నారు? మీ దగ్గర ఉన్న కాగితాలు వరుసగా పెట్టి ఇస్తే ఆయనకు ఎంతో సాయం చేసినవారవుతారు.

ఆనందంలో నగరపాలక సంస్థో, స్థానిక సంఘమో మీ అబ్బాయికి నగదు బహుమతి ఇవ్వవచ్చు. నగదు చేతికి తీసుకుంటే అది సాధారణంగా పన్ను పడే ఆదాయమే. వచ్చిన రోజే అందులో కొంత పన్నుకని పక్కన పెట్టమనండి.

ఇల్లు కొనవద్దని నేను అనడం లేదు. నెల వాయిదాను మూల వేతనం మీదే లెక్క కట్టమంటున్నాను. పోలీసు జీతంలో ఓవర్‌టైమ్ మంచి మొత్తంగా కనిపిస్తుంది, అప్పు ఇచ్చేవారు కూడా దాన్ని చూసి ఉత్సాహపడతారు. చేతులకు కట్లు కట్టుకుని ఇంట్లో ఉన్న వారాల్లో మీ అబ్బాయికి ఓవర్‌టైమ్ ఎంత వచ్చింది? ఆ నెలల జీతం చీటీలు ముందు పెట్టుకుని ఇల్లు చూడమనండి.

ఇప్పుడు నేను వస్తానన్న విషయం. మీ ఉత్తరంలో మీరు అడగనిది, నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించినది ఇదే. విధి నిర్వహణలో మరణించిన అధికారుల కుటుంబాలకు ఫెడరల్ ప్రభుత్వం ఒకేసారి ఇచ్చే పరిహారం ఉంది. పబ్లిక్ సేఫ్టీ ఆఫీసర్స్ బెనిఫిట్స్ అంటారు. 1976లో 50,000 డాలర్లతో మొదలైంది, 2001లో 2,50,000 చేశారు, ఆ తరువాత ధరలతో పాటు పెరుగుతూ 2025 ఆర్థిక సంవత్సరానికి 4,48,575 అయింది. దీని మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితికి తెచ్చిన గాయానికి కూడా ఇదే పథకం వర్తిస్తుంది. ఇలాంటి మాట ఒక తల్లికి రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ మంటల్లోకి చేతులు పెట్టిన పిల్లవాడు మళ్లీ అలాంటి చోటికి వెళ్లడని మీరూ అనుకోవడం లేదు, నేనూ అనుకోవడం లేదు.

భార్య గానీ, అర్హత గల పిల్లలు గానీ ఉంటే ఆ డబ్బు వారికి వెళ్తుంది. మీ అబ్బాయిలా పెళ్లికానివారి విషయంలో, ఈ పథకం కోసం డిపార్ట్‌మెంటులో దాఖలు చేసిన లబ్ధిదారు పత్రంలో ఎవరి పేరు ఉంటే వారికి వెళ్తుంది. ఆ పత్రం లేకపోతే అక్కడి ఫైలులో ఉన్న తాజా జీవిత బీమా పాలసీలో రాసిన పేరు చూస్తారు. అదీ లేకపోతేనే తల్లిదండ్రుల వంతు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడి బీమా ఫారంలో, మూడేళ్ల కింద నిశ్చితార్థం రద్దయిన అమ్మాయి పేరు అలాగే ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పదిహేను కాగితాల మధ్య సంతకం చేసినది. ఆ అబ్బాయి దాన్ని పూర్తిగా మరిచిపోయాడు. కొత్త ఫారం నింపడానికి పట్టింది పది నిమిషాలు.

పూర్తి వైకల్యానికి తక్కువగా, మానిపోయే దెబ్బకు ఎక్కువగా ఉండే గాయాలకు ఈ ఫెడరల్ పథకం ఆదుకోదు. రేపు వేళ్లలో పట్టు తగ్గి వీధి డ్యూటీ చేయలేకపోతే దిక్కు కార్మిక పరిహారం, డిపార్ట్‌మెంట్ పెన్షన్‌లోని వైకల్య నిబంధన, సొంతంగా తీసుకున్న వైకల్య బీమా. మొదట దాచమన్న ఆసుపత్రి కాగితాలు పనికొచ్చేది అప్పుడే. పెన్షన్ పుస్తకంలో ఆ నిబంధన ఎంత శాతం ఇస్తుందో, ఎన్నేళ్ల సర్వీసు అడుగుతుందో చూసి, మిగిలిన లోటుకు బీమా తీసుకోమనండి. పెద్ద ఇంటికని అనుకున్న అదనపు వాయిదాలో చిన్న భాగం దానికి సరిపోవచ్చు.

ఈ వారాంతం అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు ఇంటి ఫోటోలు చూసే ముందు ఆ లబ్ధిదారు పత్రం నకలు అడగండి. దాని మీద ఏ పేరు ఉందో చూశాక, ఓవర్‌టైమ్ లేని నెలల జీతం చీటీలతో కలిపి నాకు మళ్లీ రాయండి. ఇంటి అప్పు ఎంతవరకు తీసుకోవచ్చో అప్పుడు కచ్చితంగా చెబుతాను.