ఆపరేషన్ తేదీ అడిగే ముందు

పాలకొల్లు

చిన్నోడా,

షుగర్‌కి పొట్ట ఆపరేషన్ చేయించుకుంటానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచీ నా ఆలోచనంతా నీ మీదే ఉంది. అది చేయించుకుని ఆరేళ్లయిన దాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

బరువు తగ్గడం వల్లే షుగర్ తగ్గుతుందని అనుకోకు. నాది గ్యాస్ట్రిక్ బైపాస్. తిన్నది పేగు మొదటి భాగంలోకి పోకుండా తొందరగా కింది పేగుకి చేరుతుంది. అక్కడ జీఎల్‌పీ-1 అనే హార్మోను ఎక్కువగా పుట్టి, ఇన్సులిన్ బాగా ఊరేలా చేస్తుంది. అందుకే నా ఒళ్లు తగ్గకముందే, మొదటి వారంలోనే ఇన్సులిన్ మోతాదు తగ్గించారు. స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్ అయితే కడుపులో ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు. అది మళ్లీ పెట్టేది కాదు, బాగా ఆలోచించుకో.

నీకు షుగర్ వచ్చి నాలుగేళ్లే, ఇంకా మాత్రల మీదే ఉన్నావు. ఇలాంటి వాళ్లకే ఫలితం బాగుంటుంది. పాతికేళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్న మా అన్నయ్యకి ఇంత ఆశ చెప్పలేను. మన ఆసియా వాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 27.5 దాటితే ఈ ఆపరేషన్ చేయవచ్చని 2022 మార్గదర్శకాల్లో ఉంది. నీది 33. అయినా ముందు సి-పెప్టైడ్ పరీక్ష చేయించు, నీ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఎంత ఊరుతోందో తెలుస్తుంది. సిగరెట్ మానేదాకా మాత్రం తేదీ అడగకు.

హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష. మందుల్లేకుండా మూడు నెలలు అది 6.5 లోపు ఉంటే రెమిషన్ అంటారు. పూర్తిగా నయమైనట్టు కాదు, కొందరికి కొన్నేళ్లకి షుగర్ తిరిగొస్తుంది. నేనూ మూడో ఏడు ధీమాగా ఉండి, షుగర్ మాత్రలు ఆగాయి కదా అని బీ12 విటమిన్ కూడా మానేశాను. అరికాళ్లు తిమ్మిర్లెక్కాయి. షుగర్ మళ్లీ వచ్చిందని రాత్రంతా ఏడ్చాను. తీరా చూస్తే బీ12 బాగా పడిపోయింది. అదీ, ఐరన్, కాల్షియం, డి విటమిన్ ఇక జీవితాంతం వేసుకోవాల్సినవే.

అసలు కష్టం మన వైపు భోజనాల్లో ఉంది. సంక్రాంతికి ఒక్క ఆత్రేయపురం పూతరేకు తిన్నందుకు నాకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, గంటసేపు మంచం దిగలేకపోయాను. పెళ్లిళ్లలో కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. ముందు గుడ్డో చేపో పప్పో తిను, చోటుంటేనే అన్నం. మంచినీళ్లు అరగంట ఆగి తాగు.

ఆదివారం రిపోర్టులన్నీ తీసుకుని రా. మా వదిననీ వెంటబెట్టుకురా. నీ కంచంలో నాలుగు ముద్దలే కనబడితే ముందు బెంగపెట్టుకునేది ఆవిడే, తనతో నేను మాట్లాడతాను.

మీ మేనత్త