పెళ్లికొడుకు పార్టీ నీ నెత్తిన పడ్డాక

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

బెస్ట్ మ్యాన్‌గా, అంటే పెళ్లికొడుకు పక్కనుండే ముఖ్య స్నేహితుడిగా, ఉండమన్నారంటే ఉంగరాలు జేబులో వేసుకుని పక్కన నిలబడటంతో పని తీరదు. పెళ్లికి ముందు మగవాళ్ల పార్టీ కూడా నీ బాధ్యతే. మీ జట్టులో తలా ఒక దేశం వాడు కాబట్టి తలా ఒక సరదా చెబుతాడు. ఏ అల్లరికైనా వెనక ఒక షరతు ఉంటుంది. షరతు వదిలేసి అల్లరి ఒక్కటే తెచ్చుకుంటే బెడిసికొడుతుంది.

ముందు డబ్బు సంగతి. ఈ పార్టీని బ్రిటన్, ఐర్లండ్‌లలో స్టాగ్ డూ అంటారు, ఆస్ట్రేలియాలో బక్స్ నైట్. పెళ్లికొడుకు ఖర్చు మిగతావాళ్లు పంచుకోవడం మర్యాద. పదిమంది, మనిషికి 900 అనుకో. మొత్తం 9,000. పెళ్లికొడుకుని తీసేస్తే తొమ్మిదిమందికీ తలా 1,000. గదులు బుక్ అయ్యాక ఒకడు జారుకున్నాడా, ఎనిమిదిమందికీ 1,125 పడుతుంది. మాటపట్టింపులు ఆ 125 దగ్గరే మొదలవుతాయి. అందుకని ‘వస్తాన్లే’ అన్నవాణ్ణి లెక్కలోకి తీసుకోకు, అడ్వాన్స్ ఇచ్చినవాణ్ణే తీసుకో. ఎంత పెట్టుకోగలరో విడివిడిగా అడుగు. గ్రూపులో అడిగితే చేతిలో డబ్బాడనివాడు నోరు విప్పడు. కెనడాలోని ఒంటారియోలో ‘స్టాగ్ అండ్ డో’ది వేరే దారి: టికెట్లు అమ్మి, లాటరీలు పెట్టి, మిగిలింది కొత్త జంటకిస్తారు. టికెట్టూ పెట్టి వాటా కూడా అడిగావంటే వచ్చినవాళ్లు తిట్టుకుంటూ పోతారు.

జర్మనీవాడు పోల్టెరాబెండ్ అంటాడు. అది మగవాళ్ల పార్టీ కాదు, పెళ్లి ముందురోజు సాయంత్రం ఇద్దరి తరఫువాళ్లూ వచ్చి గుమ్మం ముందు పింగాణీ పగలగొట్టడం. పాత ప్లేట్లు, కప్పులు, ఒక్కోసారి వాష్‌బేసిన్లు కూడా తెస్తారు. గాజు మాత్రం తేకూడదు, అద్దం అసలే తేకూడదు, అశుభమంటారు. నమ్మకం పక్కనపెట్టినా గాజు ముక్క బూటు అడుగులోంచి దిగుతుంది, గడ్డిలో పడితే కనబడదు. సిమెంటు నేలో, మందపాటి టార్పాలినో చూసుకో. రెండు చీపుళ్లు, తోలు గ్లౌజులు, గట్టి బకెట్లు ముందే ఉంచు, ప్లాస్టిక్ సంచులు చిరిగిపోతాయి. ఊడ్చేది వధూవరులే, ఇద్దరూ కలిసి. అసలు ఆచారం అదే. జాలిపడి నువ్వు ఊడ్చేస్తే మిగిలేది ఉత్త చెత్త.

స్కాట్లండ్ ఈశాన్యంలో, ఆర్క్‌నీ దీవుల్లో ‘బ్లాకెనింగ్’ ఉంది. పెళ్లి చేసుకోబోయేవాళ్లకి మసి, పాకంలా జిగటగా ఉండే ట్రీకిల్, పిండి, ఈకలు పూసి, ట్రక్కు వెనక ఎక్కించి ఊరంతా తిప్పుతారు. అది పుట్టి పెరిగిన ఊళ్లో, అందరూ ఎరిగినవాళ్ల మధ్య జరిగేది. సంగతి తెలియని పెళ్లికొడుకు మీద కొత్త ఊళ్లో చేశావంటే దాడి అవుతుంది. స్తంభానికి కట్టేసి వదిలిరావడం లాంటివి అసలు వద్దు. తాగినవాడు కట్టేసి ఉండగా వాంతి చేసుకుంటే ఊపిరాడక చనిపోవచ్చు. కనుబొమలు గొరిగే సరదా కూడా మానుకోండి, అవి తిరిగి రావడానికి నెలలు పడుతుంది, పెళ్లి ఫోటోలు అంతవరకు ఆగవు.

గోరింటాకు రాత్రికి నా ఓటు. తాగుడు అక్కర్లేదు, పెద్దవాళ్లూ కూర్చోవచ్చు. పాలస్తీనా పల్లెల్లో పెళ్లి ముందురోజు రాత్రి సహ్రా అనే వేడుకలో మగవాళ్లు వరసకట్టి దబ్కే నాట్యం ఆడతారు, పెళ్లికొడుకు చేతికి గోరింటాకు పెడతారు. పెళ్లిరోజుకి ముదురు రంగు కావాలంటే రెండు రోజుల ముందు పెట్టించు. ఆరేడు గంటలు ఉంచి, నీళ్లు తగలనీయకుండా గీకి తీయాలి. తీసేటప్పటికి నారింజ రంగే ఉంటుంది, ఒకటి రెండు రోజులకి ముదురుతుంది. గంటలో నల్లగా పండుతుందన్న ‘బ్లాక్ హెన్నా’ జోలికి పోకు. అందులో తరచు జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది, చర్మం బొబ్బలెక్కుతుంది.

జట్టులో యూదు స్నేహితుడుంటే ఔఫ్‌రూఫ్ గురించి చెబుతాడు. పెళ్లికి ముందు వచ్చే శనివారం సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరంలో, వరుణ్ణి తోరా అనే పవిత్ర గ్రంథం దగ్గరికి పిలిచి, తర్వాత మిఠాయిలు విసురుతారు. మెత్తనివే కొను. గట్టి బిళ్ళ కంటికి తగిలితే సరదా తీరిపోతుంది.

వేరే ఊరు వెళదామంటే అక్కడి నియమాలు చూసుకో. ఆమ్‌స్టర్‌డామ్ 2023లో అల్లరి కోసం వచ్చే బ్రిటిష్ కుర్రాళ్లను రావద్దని ప్రచారమే చేసింది. ప్రాగ్ 2024లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు గైడ్లు నడిపే పబ్ టూర్లను నిషేధించింది. తాగేది ఎక్కడైనా సరే, పార్టీకీ పెళ్లికీ మధ్య రెండు వారాలైనా ఉండాలి.

గ్రీసువాళ్లలో పెళ్లి పొద్దున స్నేహితుడే పెళ్లికొడుకుకి గడ్డం గీస్తాడు. ఆ పని నీకొస్తే కొత్త బ్లేడు వెయ్యి, చెంప మీద రెండు గీతలు గీసి, గొంతూ పై పెదవీ బార్బర్‌కి వదిలెయ్. ముందురోజు రాత్రి నువ్వు తాగి ఉంటే ఆ రెండు గీతలు కూడా వద్దు.

ఇట్లు,
పెద్దనాన్న