సర్వర్ మార్చాక పాత పోస్టుల్లో తెలుగు మాత్రమే చెడిపోతే

పాత పోస్టుల్లో తెలుగు ఎందుకు చెడిందని మీరు అడిగిన ప్రశ్నలోనే అసలు ఆధారం ఉంది. సర్వర్ మార్చాక పాత పోస్టుల్లో తెలుగుకు బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు వరసగా కనిపిస్తున్నాయి, కొత్తగా రాసినవి మాత్రం బాగున్నాయి అన్నారు. మెటా ట్యాగ్ (పేజీలోని అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజర్‌కు చెప్పే లైను) తప్పయితే పాతవీ కొత్తవీ రెండూ చెడాలి. దాన్ని వదిలేయండి.

నాకూ అచ్చం ఇలాగే అయింది. పాత సర్వర్‌లో పోస్టులు దాచే టేబుల్ యూటీఎఫ్8లోనే (తెలుగుతో సహా అన్ని లిపులనూ బైట్లుగా దాచే పద్ధతి) ఉంది కానీ, సైటు కోడ్ అయిన పీహెచ్‌పీ నుంచి డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌కు వెళ్లే కనెక్షన్ లాటిన్1, అంటే ఒక్కో బైటూ ఒక్కో పడమటి అక్షరం అనుకునే పాత పద్ధతి. 'త' అంటే యూటీఎఫ్-8లో మూడు బైట్లు. కనెక్షన్ వాటిని మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలనుకుని, ఒక్కోదాన్నీ మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చి దాచింది. చదివేటప్పుడు అదే తప్పు తిరగేసి చేసేది కాబట్టి పేజీ మీద తెలుగు చక్కగా వచ్చేది. లోపల చెత్త పేరుకుందని మాకెవరికీ తెలియలేదు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి డీఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4, అంటే అక్షరానికి నాలుగు బైట్ల వరకూ పట్టే పూర్తి యూటీఎఫ్-8. కొత్త సర్వర్‌లో కనెక్షన్ సరైనదయ్యేసరికి గుట్టు బయటపడింది.

ఏదీ మార్చకముందు, చెడిపోయిన ఒక రో (టేబుల్‌లో ఒక పోస్టు ఉన్న వరస) తీసుకుని మైఎస్‌క్యూఎల్ హెక్స్ ఫంక్షన్‌తో చూడండి, అది లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు అంకెల్లో చూపుతుంది. బ్రౌజర్‌నీ, డేటాబేస్‌ను బ్రౌజర్‌లో చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్‌నీ నమ్మకండి, అవీ మధ్యలో మార్పులు చేస్తాయి. 'త' సరిగ్గా ఉంటే ఈ0 బీ0 ఏ4 అని వస్తుంది. సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 ఏ4 అని వస్తే నేను చెప్పిన రెండింతల జబ్బే. వరసగా 3ఎఫ్‌లు వస్తే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు. అసలు అక్షరాలు పోయినట్టే, పాత బ్యాకప్ తప్ప దారి లేదు.

రెండింతల జబ్బయితే మందు తేలికే: కాలమ్‌ను లాటిన్1లోకి కన్వర్ట్ చేసి, దాన్ని బైనరీగా (ఉత్త బైట్లుగా) క్యాస్ట్ చేసి, ఆపైన యూటీఎఫ్8ఎంబీ4లోకి కన్వర్ట్ చేయడం. అంతా ఒకే అప్‌డేట్‌లో అయిపోతుంది. నేను ఆ అప్‌డేట్‌ను టేబుల్ మొత్తం మీద నడిపాను. పాతవన్నీ బాగయ్యాయి. బాగున్న కొత్తవన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి, ఎందుకంటే లాటిన్1లో తెలుగు అక్షరానికి చోటే లేదు. ముందురోజు బ్యాకప్ ఉండబట్టి బతికాను.

అందుకని ఆ అప్‌డేట్‌కు వేర్ కండిషన్ (ఏ రోలు మార్చాలో చెప్పే షరతు) పెట్టండి: హెక్స్‌లో సీ3ఏ0సీ2బీ ఉన్న రోలు మాత్రమే. అది మొదట్లోనే ఉండాలని వెతక్కండి, పోస్టు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌తో మొదలైతే దొరకదు. ఇంకో తిరకాసు, ఎవరైనా పాత పోస్టు తెరిచి కింద కొత్తగా రెండు లైన్లు చేర్చి ఉంటే ఒకే రోలో రెండు రకాలూ ఉంటాయి. వాటిలో ఈ0బీ కూడా కనిపిస్తుంది. వాటిని పక్కన పెట్టి చేత్తో సరిచేయడమే మేలు. నాకు అలాంటివి పదకొండు దొరికాయి.

పైథాన్ స్క్రిప్టుతో చేద్దామనుకుంటే ఒక మాట. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 అనేది నిజానికి విండోస్-1252 అనే అక్షరాల పట్టిక, ఆ పట్టికలో 81, 8డీ స్థానాలు ఖాళీ. మన కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డీ! ఆ రెండూ లేని తెలుగు వాక్యం ఎక్కడ దొరుకుతుంది? పైథాన్ ప్రతి రో దగ్గరా ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 మాత్రం ఆ ఖాళీలను కూడా పట్టుకుంటుంది, అందుకే పని డేటాబేస్‌లోనే చేయమంటున్నాను.

అంతా అయ్యాక కోడ్‌లో కనెక్షన్ క్యారెక్టర్ సెట్‌ను మీరే యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి, సర్వర్ డీఫాల్ట్‌కు వదలొద్దు. ఎంబీ4 లేని ఉత్త యూటీఎఫ్8 మైఎస్‌క్యూఎల్‌లో మూడు బైట్ల వరకే. తెలుగుకు సరిపోతుంది కానీ, ఎవరో ఒక ఎమోజీ పెట్టినరోజున మళ్లీ ఇక్కడికే వస్తారు.

మీ హెక్స్‌లో నేను చెప్పిన మూడూ కాకుండా వేరేది కనిపిస్తే, మొదటి ఇరవై అంకెలు కింద పెట్టండి, చూస్తాను.